ఒకటో సాక్షి వాంగ్మూలం

మొదటి పేజీ దిగింది. రెండోది సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఫోన్ తెర మీద చిన్న సున్నా తిరుగుతూనే ఉంది, తిరగడం తప్ప దానికి వేరే పని లేనట్టు. కువైట్ ఎగైలాలో ఆ మాల్ కింద రెండంతస్తుల లోతున ఉన్న పార్కింగులో సిగ్నల్ ఇంతకంటే రాదని ముందు సీట్లోంచి ఖాజావలి చెప్పాడు. పైకి తీసుకుపోదామంటే మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకోదు. పిల్లలిద్దరికీ స్కూలు సంచులు కొనడానికి పోతూ పోతూ, గంటలో వస్తాను, బండి ఇక్కణ్ణించి కదపొద్దు అని వేలు చూపించి మరీ చెప్పింది. వెనక సీట్లో మునిలక్ష్మి ఫోన్‌ను కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. తొమ్మిది నెలలు ఆగినదానికి ఇంకో గంట ఆగలేనా అనుకుంది, అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. ఎందుకు ఆగాలి, ఎవరి ముఖం చూసి ఆగాలి, ఆ కోర్టు ఆగమనడం తప్ప ఇన్నేళ్లలో తనకు ఇంకో మాట చెప్పిందా. ఏసీ గాలి మోకాళ్లకు కొడుతోంది. బయట ఆగస్టు ఎండకు తారు మెత్తబడి ఉంటుంది. ఇక్కడ చలి. ఊళ్లో ఇప్పుడు వేరుశనగ చేలకు కలుపు తీస్తుంటారు, ఎవరి చేలో వాళ్లు, గంగులయ్య చేలో గంగులయ్య, దర్జాగా గట్టు మీద నిలబడి.

ఆంజి చచ్చిపోయి తొమ్మిదేళ్లని ఎవరన్నా అంటే ఆమెకు గిట్టదు. చచ్చిపోలేదు, చంపారు. తమ్ముణ్ణి గంగులయ్య చంపాడు, కొడుకునూ బావమరిదినీ వెంటేసుకొచ్చి పట్టపగలు చంపాడు. అది ఆమె కళ్లతో చూసింది, స్టేషన్‌కు పోయి చెప్పింది, చెప్పింది రాసుకున్నారు, కింద సంతకం పెట్టింది. వంక ఇసుక తోలే ట్రాక్టర్లు మా శనగచేలో పడి పోవద్దని ఆంజి దారికి రాళ్లు పెట్టడం, అంతే వాడు చేసిన నేరం. మూడేళ్ల కిందట కోర్టు ఆ ముగ్గుర్నీ వదిలేసింది. సాక్ష్యం చాలలేదంట, అక్క ఫోన్లో చెప్పింది. నన్ను పిలవలేదా అక్కా అని అడిగితే, నీ పేరే ఎత్తలేదు మునీ, కేసు దానంతట అదే పోయింది అంది. దానంతట అదే పోవడానికి అదేమన్నా జలుబా? ఈ మాట అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. అమ్మ పోయాక అమ్మంత అక్క, పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ణి వదిలేసి వచ్చిన చెల్లెలికి ముద్ద పెట్టిన అక్క, ఆమె చెప్తే నమ్మక ఏం చేస్తుంది. నమ్మింది. మూడేళ్లు మామా ఇంట్లో గిన్నెలు తోముతూ, జడ్జీని తిట్టుకుంటూ, పోలీసుల్ని తిట్టుకుంటూ, అక్క పిల్లలకు పండక్కి బట్టలు పంపిస్తూ నమ్మింది.

పోయిన నవంబరులో ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో ఫ్లెక్సీ బొమ్మ పెట్టారు. మెడలో దండ, నెత్తిన పూలు, చేతులు జోడించి గంగులయ్య, కింద పెద్దక్షరాలతో ప్రజాసేవకుడు అని. ఆ పొద్దు మునిలక్ష్మి అన్నం మాడబెట్టింది, మామా చేత తిట్లు తిన్నది, సాయంత్రం గేటు దగ్గర బండి కడుగుతున్న ఖాజావలికి మొదటిసారి మొత్తం చెప్పింది. ఖాజావలిది రాయచోటి. ఆరేళ్లుగా అదే ఇంట్లో డ్రైవరు, నిదానస్తుడు, ఎవరి జోలికీ పోడు. విని విని, అట్లయితే నీ పేరు సంజీవమ్మ కాదాక్కా అన్నాడు. కాదు. సంజీవమ్మ అక్క పేరు. ఈ ఇంట్లో, బతాకా గుర్తింపు కార్డు మీద, ఇఖామా పర్మిట్‌లో, యజమాని కఫీల్ కాగితాల్లో, మామా నోట్లో ఆమె సంజీవమ్మ. ముప్పై నిండని ఆడదాన్ని ఇంటిపనికి గల్ఫుకు పంపరు, ఆమెకప్పుడు ఇరవై ఏడు, అందుకని ఏజెంటు అక్క కాగితాల మీద చెల్లెలి ఫోటో అంటించి పాస్‌పోర్టు చేయించాడు. ఆ వైపు పల్లెల్లో దీన్ని తప్పని ఎవరూ అనుకోరు. వదినె పేరు మీద ఆడబిడ్డ, అక్క పేరు మీద చెల్లెలు, ఎంతమంది విమానం ఎక్కలేదు. ఎక్కమన్నది కూడా అక్కే. ఆంజి కర్మలు కాగానే గంగులయ్య మనుషులు ఇంటి చుట్టూ తిరుగుతుంటే, నువ్వుంటే నిన్ను గూడా చంపుతారు, నా పేరు మీద పో అని సంచి సర్దింది. అదీ నిజమే. అక్క తనను బతికించింది, అదీ నిజమే.

కోర్టు కాగితాలు ఇప్పుడు ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చక్కా అని ఖాజావలే చెప్పాడు. జిల్లా నొక్కి, కోర్టు నొక్కి, పోలీసు స్టేషన్ నొక్కి, క్రైం నంబరు కొడితే చాలు. నూట పన్నెండు, రెండువేల పదహారు. ఆ నంబరు ఆమెకు తన పుట్టినరోజు కంటే బాగా తెలుసు. కొట్టగానే వచ్చింది కూడా, ఆంజి కేసు అరచేతి తెర మీద, వాయిదాల పట్టిక, ఎన్ని వాయిదాలో, జడ్జీ సెలవు, జడ్జీ సెలవు, సాక్షులు రాలేదు, జడ్జీ సెలవు. చివర కొట్టివేత అని ఒక్క ముక్క. తీర్పు అని ఉన్నచోట నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. పెద్ద ఊళ్ల తీర్పులైతే ఎక్కిస్తారేమో, మా తాలూకా కోర్టు తీర్పును ఎవరెక్కిస్తారు అని ఖాజావలి తన పిన్నమ్మ కొడుకు మునాఫ్‌కు ఫోన్ చేశాడు. మునాఫ్ అక్కడొక వకీలు దగ్గర గుమస్తా. నకలు అర్జీ పెడితే పదిరోజుల్లో ఖలాస్ అన్నాడు వాడు. పదిరోజులంట. మొదటి అర్జీ వెనక్కొచ్చింది, ఆమె కేసులో పార్టీ కాదు కనుక నకలు ఎందుకు కావాలో ప్రమాణపత్రం ఇవ్వాలంట. పార్టీలంటే సర్కారు ఒకటి, ముద్దాయిలు ఒకటి. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయిన ఆడది పార్టీ కాదు. ఆ రోజు ఎంత నవ్వు వచ్చిందో. సెలవు మీద ఊరికి పోతున్న పక్కింటి పనిమనిషి మస్తాన్ బీ చేతికి తెల్లకాగితం మీద సంతకం పెట్టి పంపింది, ఎనిమిదేళ్ల తర్వాత మునిలక్ష్మి అని రాయబోతే చేయి సంజీవమ్మ వైపు పోయింది, కాగితం చించి ఇంకోటి తీసుకుంది.

రెండో అర్జీకి స్టాంపులు అడిగారు. అడిగారంటే మనిషిని పిలిచి అడగరు. వరండాలో బోర్డు మీద జాబితా అంటిస్తారు, మూడు రోజుల్లో చూసుకుని స్టాంపులు కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. మునాఫ్ ఆ మూడు రోజులూ పెళ్లిలో ఉన్నాడు. పెళ్లి, బిర్యానీ, ఫోటోలు కూడా పెట్టాడు దొంగసచ్చినోడు, అవి చూసి బాగున్నాయని ఆమే బొటనవేలు బొమ్మ పంపింది. మూడో అర్జీకి కేసు కాగితాల కట్ట దొరకలేదన్నారు, జిల్లా చీల్చినప్పుడు కట్టలన్నీ గది మార్చారంట, ఎక్కడిది ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదంట. ఎర్రగుడ్డలో కట్టిన ఆంజిని పట్టుకుని ఎవరో బంట్రోతు ఏ మూల పడేశాడో. మునాఫ్ వారం వారం పోయి, టీలు తాగించి, చివరికి నిచ్చెనేసుకుని తానే అటక ఎక్కి వెతికాడు. ఈ పొద్దు మధ్యాహ్నం నకలు చేతికిచ్చారు. ఫోటోలు తీసి పంపుతున్నాడు, మొత్తం ముప్పై ఒక్క పేజీ.

రెండోది దిగింది, మూడోది, నాలుగోది. అన్నీ ఇంగ్లీషు. ఫోన్ ముందుకిస్తే ఖాజావలి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు, ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది, ఒకటో సాక్షే ఎదురు తిరిగినందున, అని ఆపి అద్దంలోంచి ఆమెను చూశాడు. ఒకటో సాక్షి అంటే ఎవరని అడిగింది. ఫిర్యాదిచ్చినోళ్లే అక్కా అన్నాడు. అంటే నేనే గదా అంది. అతను ఫోన్ వెనక్కిచ్చాడు. పక్కన ఎవరో బండి రివర్సు తీస్తున్నారు, కీచుకీచుమని ఒకటే మోత, ఎదురు తిరిగినందున, ఎప్పుడు తిరిగింది, ఎక్కడ తిరిగింది, అల్ రాయ్‌లో మామా చెల్లెలి ఇంటి సామాను తేవడానికి తిరిగింది, ఈ మాల్‌లో మామా వెనక సంచులు మోస్తూ తిరిగింది, కోర్టు గుమ్మం తొక్కిందెప్పుడు. ఐదో పేజీ వచ్చింది. తెలుగు. చేతిరాత. ఒకటో సాక్షి వాంగ్మూలం అని పైన రాసి గీత కొట్టారు.

పేరు మునిలక్ష్మి. వయసు ముప్పై ఎనిమిది. వ్యవసాయ కూలి. దేవుని ఎదుట ప్రమాణము చేసి చెప్పునదేమనగా, మృతుడు నా తమ్ముడు. ముద్దాయిలు మా గ్రామస్తులే, వారిని ఎరుగుదును. సంఘటన సమయమున నేను చేనులో లేను. నా తమ్ముడు ట్రాక్టరు పైనుండి జారిపడి చనిపోయినాడని ఇతరులు చెప్పగా విన్నాను. ఫిర్యాదులోని సంతకము నాదే గాని అందులో ఏమి వ్రాసినారో నాకు తెలియదు. ముద్దాయిలతో రాజీపడి అబద్ధము చెప్పుచున్నానంటే నిజము కాదు. చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాను. తేదీ పద్నాలుగు, ఏడు, రెండువేల ఇరవై రెండు. కింద సంతకం. ఆమె మళ్లీ మొదటికి పోయి వయసు చదివింది. ఆ ఏడు మునిలక్ష్మికి ముప్పై రెండు. ముప్పై ఎనిమిదేళ్ల ఆడది ఎవరు, ఆధార్ కార్డు పట్టుకుని వచ్చి ఆమె పేరు చెప్పి, వయసు అడగ్గానే తడబడి తన వయసే చెప్పుకున్నది ఎవరు. తెలిసిపోయింది, సంతకం వైపు కళ్లు పోకముందే తెలిసిపోయింది. అయినా చూసింది. పొదుపు సంఘం పుస్తకంలో సంతకం పెట్టడానికని అక్కకు అక్షరాలు దిద్దించింది తానే. వంటింటి గడప మీద కూర్చుని, వత్తి పట్టుకుని రాయొద్దక్కా, బలపం విరుగుతుందని నవ్వుతూ. అక్షరం అక్షరానికీ మధ్య వేలు పట్టేంత ఎడం, చివరికొచ్చేసరికి కిందికి జారిపోయే రాత. అదే రాత. తాను నేర్పిన రాతతోనే తన పేరు రాసింది.

అక్కకు ఫోన్ కొట్టింది. ఫోటోలకు రాని సిగ్నల్ మాటకు వచ్చింది. ఊళ్లో పొద్దు గూకే వేళ, అక్క మేకల్ని కట్టేస్తున్నట్టుంది, వాటి అరుపులు ముందు వినబడ్డాయి. బాగుండావా మునీ అంది అక్క ఎప్పటిలాగే.

"కోర్టులో నా పేరు చెప్పుకోని నిలబడినావా అక్కా?"

మేకలు అరుస్తూనే ఉన్నాయి. ఎవురు చెప్పినారని అడిగింది అక్క. నువ్వే చెప్పినావు, ముప్పై ఎనిమిదని, కాయితంలో ఉండాది అంది మునిలక్ష్మి. అక్క ఏడుస్తుందనుకుంది, కాళ్లావేళ్లా పడుతుందనుకుంది, ఏడ్చి ఉంటే బాగుండేది. అక్క ఏడవలేదు. ఏ చేలో ఎన్ని మూటలు పండాయో చెప్పినట్టే చెప్పుకుపోయింది. సమన్లు వచ్చినాయి. మునిలక్ష్మి ఎక్కడని పోలీసు అడిగినాడు. ఆ రాత్రికే గంగులయ్య వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. మునిలక్ష్మి కువైట్లో ఉందని చెప్తే ఏ పాస్‌పోర్టు మీద పోయిందని అడుగుతారు, సంజీవమ్మ పాస్‌పోర్టని తేలుతుంది, అక్కడ అది జైలుకు పోతుంది, ఇక్కడ నువ్వు పోతావు, నీ పిల్లోళ్లను ఎవరు చూస్తారో చూసుకో అన్నాడు. అరుపుల్లేవు, బెదిరింపుల్లేవు, మంచినీళ్లు అడిగి తాగి మరీ చెప్పాడు. తెల్లారి ఆయన బండిలోనే కోర్టుకు పోయింది. సర్కారు వకీలు తల ఎత్తి ముఖమైనా చూడలేదు. పని అరగంటలో అయిపోయింది.

"నా పేరు పెట్టుకోని నువ్వు ఎనిమిదేండ్లుగా బతుకుతాండావు. నేను కువైట్లో ఉండానని ఆన్‌లైన్లో చూపిచ్చి, నాకు రావాల్సిన పథకాలు ఒకటీ రాలా. నేనెప్పుడన్నా అడిగినానా? నీ పేరు పెట్టుకోని నేను అరగంట నిలబడినా. అంతే గదా మునీ."

"ఆ అరగంటలో ఆంజిగాన్ని ట్రాక్టరు మీదినుంచి తోసేసినావు గదక్కా."

"నువ్వు ఉండింటే నువ్వు గూడా అదే చెప్పిందువు," అంది అక్క, ఫోన్ పెట్టేసింది.

కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సీటు అంచు పట్టుకుని పిసికింది. అక్క మీద కోపం, గంగులయ్య తాగిన ఆ మంచినీళ్ల మీద కోపం, ముంచి ఇచ్చిన చెంబు మీద కోపం, ముఖం చూడని వకీలు మీద, వయసు రాసుకుని కూడా ఫిర్యాదు కాగితం తిప్పి సరిచూడని కోర్టు గుమస్తా మీద, ఫోటో మార్చిన ఏజెంటు మీద, ఆ ఫోటోకు తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని కూర్చున్న తన మీద. గంగులయ్యకు ఆయుధం ఎవరిచ్చారు. వాడేమీ కష్టపడలేదు, అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి పేర్లు మార్చుకుని వాడి చేతికి అందించారు. ఆ తేదీన తాను దేశంలో లేనని చెప్పడానికి ఈ భూమ్మీద ఒక్కటే సాక్ష్యం, పాస్‌పోర్టు మీద ముద్రలు. అవి సంజీవమ్మవి. కాగితం లెక్కన సంజీవమ్మ కువైట్లో ఉంది, మునిలక్ష్మి ఊళ్లోనే ఉంది, కోర్టుకు పోయింది, ప్రమాణం చేసింది, నా తమ్ముడు జారిపడ్డాడంది. ఎంత శుభ్రంగా ఉంది కాగితం. నువ్వు ఉండింటే నువ్వు గూడా అదే చెప్పిందువు. చెప్పేదాన్నా? ఛీ. చెప్పేదాన్ని కాదు. కాదని ఎలా చెప్పగలవు, ఆ పొద్దు చేలో ఏం చేశావు నువ్వు, ఏం చేశావో చెప్పు. ఇంకో పేజీ దిగింది, ఇంగ్లీషు, ఇంకోటి, ఆంజి గాయాల జాబితా కాబోలు అంకెలున్నాయి, ఒకటి రెండు మూడు నాలుగు, పదకొండు దాకా.

ఖాజావలి ముందుకే చూస్తూ మెల్లగా చెప్పాడు. పై కోర్టుకు పోవచ్చంట, గడువు దాటింది, ఎందుకు దాటిందో చెప్పి అడుక్కోవాలంట, మునాఫ్ కనుక్కున్నాడంట. కానీ ఆ పొద్దు కువైట్లో ఉన్నానని చెప్పిన మరుక్షణం పాస్‌పోర్టు సంగతి బయటికొస్తుంది. ఇక్కడ వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్లీ ఈ దేశం గడప తొక్కనివ్వరు. అక్కడ విమానం దిగంగానే పట్టుకుంటారు. సంజీవమ్మక్కను వదులుతారా, కోర్టులో దొంగ ప్రమాణం చేసినందుకు ఆమెనూ లోపలేస్తారు. అంతా చేసి వాళ్లకు శిక్ష పడుతుందన్న నమ్మకమూ లేదు. నిదానంగా ఆలోచించుకో అక్కా, తొందరేముంది అన్నాడు. తొమ్మిదేళ్లు, తొందరేముంది. అతని మీద కోపం రాలేదు, నిజం చెప్పాడు. అక్క పిల్లలు గుర్తొచ్చారు, చిన్నదానికి పదకొండు, పిన్నమ్మా బొమ్మ తెస్తావా అని అడిగేది, ఇప్పుడు ఫోన్ అడుగుతోంది. వాళ్లు ఏం తింటారు. గంగులయ్య అడిగిన మాటే ఇది, సరిగ్గా ఇదే, పిల్లోళ్లను ఎవరు చూస్తారని. వాడి మాట తన నోట్లోకి వచ్చి కూర్చున్నందుకు ఉమ్మేయాలనిపించింది. ఈ భయం ఉన్నంతకాలం వాడు మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడుగుతూనే ఉంటాడు. చెప్పేస్తే ఇక వాడు బెదిరించడానికి ఏముంటుంది. జైలుంటుంది. ఉండనీ. జైల్లోనైనా మునిలక్ష్మి అని పిలుస్తారు గదా.

మునాఫ్ పేరు మీద నొక్కి, మాట రికార్డయ్యే మీట మీద బొటనవేలు పెట్టింది. ఖాజావలి వెనక్కి తిరిగాడు. వద్దనలేదు, బండి ఇంజను ఆపేశాడు. ఏసీ మోత ఆగింది.

"మునాఫూ, రాసుకో. నా పేరు మునిలక్ష్మి. వయసు ముప్పై ఐదు. ఆ పొద్దు నేను చేన్లోనే ఉండా, సెనగ కట్టె కుప్పేస్తాండా. గంగులయ్య ట్రాక్టరు దిగి వచ్చినాడు, చేతిలో ఇనుప గడారి. ఆంజి రాళ్లు తియ్యనన్నాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. పడినాక ఆయన కొడుకు కాళ్లు పట్టుకున్నాడు, బామ్మర్ది చేతులు పట్టుకున్నాడు. తల మీద నాలుగు సార్లు కొట్టినాడు, నేను లెక్క పెట్టినా. స్టేషన్లో నేను అడ్డం పోయినానని రాయిచ్చినా. పోలేదు. కుప్ప ఎనకాల కూచున్నా. ఆంజి నన్ను చూసినాడు, అక్కా అన్నాడు, అయినా లేచి పోలేదు. భయపడినా. ఇది ఎవురికీ చెప్పలేదు, మా అక్కకు గూడా. కోర్టులో నిలబడింది నేను గాదు, మా అక్క సంజీవమ్మ. ఆ పొద్దు నేను కువైట్లో ఉండా, మా అక్క పేరు మీద. ఇది గూడా రాసుకో, ఏమీ ఇడిసిపెట్టొద్దు."

మామా కారు అద్దం మీద ఉంగరం వేలితో కొట్టింది, చేతుల నిండా సంచులు, పక్కన పిల్లలు. సంజీ, యల్లా, తలుపు తెరువు అంటోంది. మునిలక్ష్మి ఆమె వైపు చూసింది, మీట మీద నుంచి వేలు తీయకుండా ఊరి పేరు, పోలీసు స్టేషన్ పేరు, ఆంజి పూర్తి పేరు ఒక్కొక్కటే చెప్పింది.